గౌటు మాత్ర: ఆపకూడని వేళ, ఆపవలసిన వేళ
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మేము మాట్లాడదలచింది గౌటు జబ్బుకు డాక్టర్లు రాసే మాత్రను గురించి. జబ్బు సంగతి చాలామందికి తెలిసిందే. అర్ధరాత్రి కాలి బొటనవేలి కీలు ఎర్రగా వాచిపోతుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. మన హకీములు దీనిని నిఖ్రిస్ అన్నారు, ఆయుర్వేదం వారు వాతరక్తం అన్నారు. రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువై, సన్నని సూదుల వంటి స్ఫటికాలుగా కీళ్లలో పేరుకోవడమే దీనికి మూలం.

మందు దగ్గరే మనవాళ్లు తడబడుతున్నారు. ఆపకూడని వేళ ఆపుతున్నారు, ఆపవలసిన వేళ ఆపడం లేదు. మొదటిదానివల్ల కీళ్లు, మూత్రపిండాలు పాడవుతాయి. రెండవదానివల్ల ప్రాణానికే ముప్పు రావచ్చు.

గౌటు మందులు రెండు రకాలు. నొప్పి వచ్చినప్పుడు దాన్ని అణచేవి ఒక రకం. యూరిక్ ఆమ్లాన్ని తగ్గించి, నొప్పి మళ్లీ రాకుండా చూసేవి రెండో రకం. ఈ రెండో రకంలో ముఖ్యమైనది అల్లోప్యూరినాల్. దీనిని, మరికొన్ని మందులను రూపొందించిన గెర్ట్రూడ్ ఎలియన్ అనే మహిళ, జార్జ్ హిచింగ్స్ అనే శాస్త్రజ్ఞుడు 1988లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఉన్నారు.

అల్లోప్యూరినాల్ నొప్పి మాత్ర కాదు. ఒంట్లో యూరిక్ ఆమ్లం తయారు కావడాన్ని తగ్గిస్తుంది. అందుకే నొప్పి ఉన్నా లేకున్నా రోజూ వేసుకోవాలి. "నొప్పి పోయింది కదా డాక్టరు సాబ్, ఇంకా మాత్ర ఎందుకు?" అని అడుగుతుంటారు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నొప్పి పోయింది భాయీ! మానేస్తే ఆమ్లం మళ్లీ పెరుగుతుంది. కొన్ని నెలలకో, ఏడాదికో జబ్బు తిరిగి వస్తుంది.

సాధారణంగా డాక్టర్లు రోజుకు 100 మిల్లీగ్రాములతో, మూత్రపిండాల జబ్బు ఉంటే ఇంకా తక్కువతో మొదలుపెడతారు. కొన్ని వారాలకొకసారి రక్తపరీక్ష చేయించి, ఆమ్లం డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల లోపుకు వచ్చేదాకా మోతాదు నెమ్మదిగా పెంచుతారు. తొందరపడి మనంతట మనం పెంచకూడదు. భోజనమయ్యాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవడం మంచిది.

ఇంకొక సంగతి ఉంది. మాత్ర మొదలుపెట్టిన తొలి నెలల్లో నొప్పి ఒకటి రెండుసార్లు రావచ్చు. "ఈ మందు మనకు పడలేదు" అని అక్కడే మానేస్తారు. బావి పూడిక తీసేటప్పుడు నీళ్లు బురదగా మారతాయి. అంతమాత్రాన పూడిక తీయడం మానుకుంటామా? పాత స్ఫటికాలు కరిగేటప్పుడూ అంతే. ఈ ఇబ్బంది రాకుండా డాక్టర్లు తొలి 3 నుంచి 6 నెలలు కోల్చిసిన్ వంటి మందును కొద్ది మోతాదులో తోడు ఇస్తారు. నొప్పి వస్తే డాక్టరుకు చెప్పాలి గాని, అల్లోప్యూరినాల్ మానకూడదు.

ఇక ఆపవలసిన వేళ. మాత్ర వేసుకునేవారికి ఒంటిమీద దద్దుర్లు లేస్తే, ముఖ్యంగా తొలి రెండు మూడు నెలల్లో, ఆ పూటే మాత్ర ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం ఊడటం వంటివి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి చేర్చాలి. ఇది కొద్దిమందికే వస్తుంది గాని, వచ్చినప్పుడు ప్రాణాంతకం కావచ్చు. వేడి చేసిందనుకుని ఏదో పూత రాసుకుంటూ, మాత్ర మింగుతూ కూర్చోకూడదు. ఒకసారి ఇలా జరిగినవారు ఆ మందును మళ్లీ ముట్టకూడదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ సంగతి ముందుగా చెప్పాలి.

వాడుతున్న మందులన్నీ చెప్పడం కూడా అంతే అవసరం. మూత్రపిండం మార్పిడి జరిగిన కొందరు అజాథయోప్రిన్ వాడుతుంటారు. దానితో అల్లోప్యూరినాల్ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. గుండెజబ్బు ఉన్నవారు ఆ సంగతి చెప్పకుండా ఫెబుక్సోస్టాట్ మొదలుపెట్టకూడదు. రక్తపోటుకు ఇచ్చే కొన్ని మూత్రం మాత్రలు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. వాటినీ సొంతంగా మానకుండా డాక్టరును అడగాలి.

హకీముగారి సురంజాన్ వాడేవారు ఆ మాట దాచకండి. ఆ దుంపలో ఉండేదీ కోల్చిసినే. ఇటు మాత్ర, అటు మాజూన్ రెండూ కలిస్తే మోతాదు మించిపోతుంది. కోల్చిసిన్ ఎక్కువైతే వాంతులు, విరేచనాలతో మొదలై ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలకు అందకుండా పెట్టండి.

రంజాన్ నెలలో రోజుకు ఒక్కసారి వేసుకునే మాత్రను ఇఫ్తార్ భోజనం తరువాతకు మార్చుకోవచ్చునేమో ముందుగానే డాక్టరును అడగండి. ఇఫ్తార్ నుంచి సహరీ వరకు నీళ్లు బాగా తాగాలి. నీళ్లు మితంగా తాగమని డాక్టరు చెప్పినవారు మాత్రం ఆ మాటే పాటించాలి. జబ్బుపడినవారు తరువాతి రోజుల్లో రోజాలు పూర్తి చేసుకునే సదుపాయం మన దీన్‌లోనే ఉంది. బక్రీదుకు కలేజీ, గుర్దా తగ్గించండి, దావతుల్లో తీపి కూల్‌డ్రింకులు మానండి. అయితే పథ్యం మాత్రకు తోడే గాని, బదులు కాదు.

చివరగా ఒక మనవి. పొరుగువారికి బిర్యానీ పంపుదాం, సేవయ్యా పంపుదాం. మాత్ర మాత్రం పంపవద్దు. ఒకరికి రాసిన మందు మరొకరికి విషం కావచ్చు. ఇంట్లో ఎవరెవరు ఏ మందు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. చదువుకున్న పిల్లలు ఇంటి పెద్దలకు ఈ చిన్న సేవ చేస్తే ఈ సభ సార్థకమైనట్లే.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.