ముందు నీళ్ల సంగతి అడగండి

ఇవాళ పట్టా అందుకుంటున్న యువ దంతవైద్యులారా,

మాది చెన్నేకొత్తపల్లి ప్రాంతం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో చాలా ఊళ్లకు ఏళ్ల తరబడి బోరు నీళ్లే దిక్కు. రాతిపొరల్లోని ఫ్లోరైడ్ ఆ నీళ్లలో కరుగుతుంది. అందుకే మా వైపు ఫ్లోరైడ్ అంటే గారపళ్లు, వంగిన కాళ్లు. మీ పుస్తకాల్లోనేమో అది పుచ్చును ఆపే మందు. రెండూ నిజమే.

పుస్తకాల్లోని కథా గారపళ్లతోనే మొదలైంది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టిన ఫ్రెడరిక్ మెకే అక్కడివాళ్ల పళ్ల మీద గోధుమరంగు మరకలు చూశాడు. ఆ పళ్లు అంతగా పుచ్చడం లేదనీ తర్వాత గమనించాడు. కారణం నీళ్లలోని ఫ్లోరైడేనని 1931లో తేలింది. 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరం దాన్ని కొద్ది మోతాదులో తాగునీటిలో కలపడం మొదలుపెట్టింది. మన దగ్గర కలపడం కాదు, తీసెయ్యడమే పని. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు సరేనని మన దేశ ప్రమాణం.

తీపి తిన్నప్పుడల్లా నోట్లోని బాక్టీరియా ఆమ్లం తయారుచేసి ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్‌లను లాగేస్తుంది. లాలాజలం వాటిని తిరిగి చేరుస్తుంది. ఫ్లోరైడ్ తోడైతే ఆ మరమ్మతు చురుగ్గా సాగుతుంది, కొత్త పొర ఆమ్లానికి తేలిగ్గా లొంగదు. ఈ మేలు ప్రధానంగా పంటి పైపొర మీద జరిగేది. గార మాత్రం చిన్నతనంలో, పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతుండగా, కడుపులోకి ఎక్కువగా వెళ్లిన ఫ్లోరైడ్ వల్ల వచ్చేది.

రేపు మీ కుర్చీలో కూర్చున్న పిల్లాడి పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సుద్దలాంటి తెల్లమచ్చ ఉంటే చాలావరకు అది పుచ్చుకు నాంది. ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, రోజూ ఫ్లోరైడ్ పేస్టుతో తోమిస్తూ అక్కడే ఆపొచ్చు. కుడిఎడమల జతపళ్ల మీద ఒకేలా సన్నటి అడ్డచారలుంటే ఫ్లోరోసిస్‌ను, అంటే గారను, అనుమానించండి. బొగ్గుతో రుద్దినా అది పోదు.

గార చూసి భయపడి పేస్టే మానేస్తామంటుంది తల్లి. మానొద్దని చెప్పండి, గారపళ్లూ పుచ్చుతాయి. మూడేళ్లలోపు బియ్యపుగింజంత, ఆరేళ్ల వరకు బఠాణీగింజంత చాలు. దగ్గరుండి తోమించి ఉమ్మేయించమనండి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదనీ, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుందనీ చెప్పండి.

పన్ను చూసేముందు ఒక్క ప్రశ్న వేయండి: "ఏ నీళ్లు తాగుతున్నారమ్మా?" బోరు నీళ్లంటే వాటిని పరీక్ష చేయించండి. ఆ జవాబు తెలియకుండా ఫ్లోరైడ్ మంచిదనీ అనకండి, చెడ్డదనీ అనకండి.