ఫొటోషాప్‌లో స్పీకర్ బొమ్మ: వెలుగు ఎటునుంచి పడుతోంది?

ఈ ఎపిసోడ్‌లో ఫొటోషాప్‌లో ఒక స్పీకర్ బొమ్మ గీద్దాం. పెళ్లిళ్లలో స్టేజీ పక్కన పెడతారే, 12 అంగుళాల స్పీకర్ ఉన్న నల్ల బాక్స్, అది. ఫొటో ఏదీ వాడం, మొత్తం గీయడమే.

గూగుల్‌లో బోలెడు ఫొటోలు ఉండగా గీయడం ఎందుకంటారా? నేనూ అలాగే అనుకున్నాను. మా బాబాయికి తెనాలిలో మైక్ సెట్ షాపు ఉంది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టిన కొత్తలో, "కంప్యూటర్ పనేగా నీది, షాపుకి ఓ ఫ్లెక్స్ చేసిపెట్టరా" అన్నాడు. నెట్‌లో దొరికిన 400 పిక్సెళ్ల వెడల్పు ఫొటో తీసుకుని ఫ్లెక్స్‌లో రెండడుగులకి లాగాను. అంటే అంగుళానికి 17 పిక్సెళ్లు కూడా రావు. పైగా అది ఎవరో తీసిన ఫొటో. ప్రింటయి వచ్చాక చూస్తే స్పీకర్ అంతా గళ్లు గళ్లు. బాబాయ్ ఒక్క మాట అనలేదు. నా బీటెక్ మూడో ఏడాది ఫీజు కట్టింది ఆయనే. ఆ ఫ్లెక్స్‌ని గొడౌన్‌లో ఆంప్లిఫయర్ల మీద దుమ్ము పడకుండా కప్పాడు. వెళ్లిన ప్రతిసారీ అదే కనబడేది.

సరే, పనిలోకి వద్దాం. ఫ్లెక్స్ 6 అడుగులు, 4 అడుగులు అనుకుంటే, 72 రిజల్యూషన్‌లో 5184 బై 3456 పిక్సెళ్లు. దూరం నుంచి చూసేదే కాబట్టి 72 చాలు. విజిటింగ్ కార్డుకైతే 300 పెట్టుకోండి. కంట్రోల్ ఆర్ నొక్కి రూలర్లు తెచ్చుకుని, నిలువుగా ఒక గైడ్, అడ్డంగా ఒక గైడ్ లాగండి. అవి కలిసే చోటే స్పీకర్ మధ్య బిందువు. ఎలిప్స్ టూల్ తీసుకుని, ఆ బిందువు మీద క్లిక్ చేసి, షిఫ్ట్, ఆల్ట్ రెండూ పట్టుకుని లాగితే అక్కడినుంచే గుండ్రంగా వస్తుంది. అన్నీ షేప్ లేయర్లుగానే ఉంచండి, తర్వాత సైజు పెంచినా అంచులు చెడవు.

నాలుగు వలయాలు కావాలి. బయట ఇనుప ఫ్రేమ్, దానిలోపల ఉబ్బెత్తుగా ఉండే మెత్తటి అంచు, తర్వాత కాగితం కోన్, మధ్యలో చిన్న టోపీలాంటి డస్ట్ క్యాప్. ఫ్రేమ్‌కి గ్రేడియంట్ ఓవర్‌లేలో యాంగిల్ రకం ఎంచుకుని, ముదురు, లేత బూడిదరంగులు మార్చి మార్చి పెట్టండి. మొదటి రంగు, చివరి రంగు ఒకటే ఉండాలి. లేకపోతే వలయం మీద కత్తితో గీసినట్టు ఒక గీత కనబడుతుంది. బాక్స్‌కి ముదురు బూడిదరంగు ఇచ్చి, యాడ్ నాయిస్ ఓ 3 శాతం, మోనోక్రొమాటిక్ టిక్ పెట్టి కొట్టండి. గరుకు పెయింట్ వేసినట్టు వస్తుంది.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. నేనూ చేసి, ఫోన్‌లో బాబాయికి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "ఏంట్రా, గ్యాస్ పొయ్యి బర్నర్ వేశావా?" ఆదివారం షాపుకి వెళ్తే ఒక పాత స్పీకర్ విప్పి నా ముందు పెట్టాడు. "కోన్ లోపలికి పోతుంది. నువ్వేమో బయటికి ఉబ్బించావు."

అసలు కిటుకు ఇదే, కాస్త ఆగి వినండి. ఇంట్లో ఒక స్టీలు గిన్నె తీసుకుని, వెలుగు ఎడమవైపు పైనుంచి పడేలా గోడకి ఆనించి నిలబెట్టండి. అడుగు మీవైపు ఉంటే ఎడమ పైభాగం మెరుస్తుంది. తిప్పి లోపలివైపు చూపించండి. ఇప్పుడు ఎడమ పైభాగం చీకటి, కుడి కిందిభాగం వెలుగు. లైటు కదల్లేదు, గిన్నే తిరిగింది. స్పీకర్‌లో ఈ రెండూ ఒకేచోట ఉన్నాయి. కోన్ గిన్నె లోపలివైపు, డస్ట్ క్యాప్ గిన్నె అడుగు. కాబట్టి కోన్‌కి లీనియర్ గ్రేడియంట్ ఎడమ పైన ముదురు, కుడి కింద లేత. క్యాప్‌కి రేడియల్ గ్రేడియంట్, తెల్లచుక్కని మధ్యలో కాకుండా ఎడమ పైకి జరపండి. రెండింటికీ వెలుగు ఒకేవైపు ఇచ్చానని నేను మురిసిపోయాను, తప్పు అక్కడే జరిగింది.

మెత్తటి అంచుకి బెవెల్ అండ్ ఎంబాస్ ఇచ్చి, యాంగిల్ 120 పెట్టి, యూజ్ గ్లోబల్ లైట్ టిక్ చేయండి. డ్రాప్ షాడోలకీ అంతే. కానీ గ్రేడియంట్లు ఈ గ్లోబల్ లైట్ మాట వినవు. రేపు లైటు దిశ మారిస్తే వాటిని మీరే చేత్తో తిప్పుకోవాలి.

ఇక స్క్రూలు, ఎనిమిది. ఒకటి గీసి, కంట్రోల్ ఆల్ట్ టి నొక్కి, ఆల్ట్ పట్టుకుని గైడ్లు కలిసేచోట క్లిక్ చేయండి. యాంగిల్ 45 ఇచ్చి ఎంటర్. తర్వాత కంట్రోల్ షిఫ్ట్ ఆల్ట్ టి ఆరుసార్లు. స్క్రూల లేయర్ స్టైల్‌ని రాస్టరైజ్ మాత్రం చేయకండి, చేస్తే వెలుగు కూడా స్క్రూతో పాటు తిరిగిపోతుంది. ఇంకోటి, ప్లస్ గాడులు ఇలా లెక్క ప్రకారం తిరిగి ఉంటే దొంగ స్పీకర్ అని తెలిసిపోతుంది. స్క్రూ బిగించినప్పుడు ఎక్కడ ఆగితే అక్కడే. ఒక్కొక్క గాడినీ అటూ ఇటూ కాస్త తిప్పండి. ఇది బాబాయ్ చెప్పిందే, ఏ ట్యుటోరియల్‌లోనూ నాకు కనబడలేదు.

ఫొటోషాప్ కొనలేనివాళ్లు జింప్‌లో చేసుకోవచ్చు, అది ఉచితం. షార్ట్‌కట్‌లు వేరుగా ఉంటాయి కానీ గిన్నె సంగతి అక్కడా అంతే.

కొత్త ఫ్లెక్స్ ఇప్పుడు షాపు మీద ఉంది. బాబాయ్ కిందనుంచి చాలాసేపు చూసి, "ఈ బాక్స్ ఎవరిదిరా, మనది కాదే" అన్నాడు. పాతది మాత్రం ఇంకా ఆంప్లిఫయర్ల మీదే ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో ముందు జాలీ ఎలా వేయాలో చూద్దాం. ఉంటాను.