తడబడింది పిల్లవాడు కాదు, కంప్యూటర్

(సంఘం ఆన్‌లైన్ సభలో మా రికార్డింగ్ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము పాటగాళ్లం కాము, ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లమూ కాము. ఊరూరూ తిరిగి వాయిద్యాల చప్పుడు రికార్డు చేసుకునే నలుగురం. ఈ రోజు మాట్లాడటానికి ఒప్పుకోవడానికి కారణం ఒక్కటే. నలుగురిలో తలవంచుకున్న ఒక పిల్లవాడికి, నలుగురిలోనే చెప్పాల్సిన మాట ఒకటి మా దగ్గర బాకీ ఉంది.

మార్లవాయి కనకరాజు గారికి 2021లో గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ వచ్చినప్పుడు మనందరం మురిసిపోయాం. 2024లో ఆయన వెళ్లిపోయారు. అడుగు అయినా దెబ్బ అయినా మనిషితో పాటే వెళ్లిపోతుందన్న భయం మాకు అప్పుడు గట్టిగా పట్టుకుంది. అందుకే తుడుం, డప్పు, గుమేల, పర్ర వాయించే పెద్దల చేతిదెబ్బలను ఒక్కొక్కటిగా రికార్డు చేసి, కంప్యూటర్‌లో వాయించుకునే వర్చువల్ డ్రమ్ తయారు చేశాం. హాస్టల్‌లో ఉండి చదువుకునే పిల్లలు తుడుం వెంట తీసుకుపోలేరు. చిన్న ప్యాడ్, ల్యాప్‌టాప్ ఉంటే సాధన అయినా చేసుకుంటారని మా ఆశ. పూజలో ఉండే వాయిద్యాలను మాత్రం ముట్టుకోలేదు. ఏది రికార్డు చేయాలో, ఏది చేయకూడదో పెద్దలే చెప్పారు.

ఆ తర్వాత ఒక యువజన సమావేశంలో, హైదరాబాద్‌లో చదువుకునే మన పిల్లవాడు ఒకడు వేదిక మీద ఆ ప్యాడ్ వాయించాడు. ముందు ఆటగాళ్లు అడుగు వేస్తున్నారు. రెండు నిమిషాలు బాగానే నడిచింది. దెబ్బల వేగం పెరగగానే స్పీకర్లలో టపటపమని చప్పుడు, మధ్యమధ్య దెబ్బ మాయం. ఆటగాళ్ల కాళ్లు ఆగిపోయాయి. "పట్నం పోయి లెక్క మరిచిండు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. పిల్లవాడు ఏమీ అనలేదు. ప్యాడ్ సంచిలో పెట్టుకుని దిగిపోయాడు.

ఆ రాత్రే మేము ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం.

ముందుగా ఈ పని ఎలా నడుస్తుందో చెప్తాం. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తయారు చేసి స్పీకర్‌కు అందిస్తుంది. సెకనుకు 48,000 శాంపిళ్లు, ఒక్కో విడతకు 128 అని పెట్టుకుంటే, ప్రతి విడతనూ దాదాపు 2.7 మిల్లీసెకన్లలో సిద్ధం చేయాలి. ఈ విడత పరిమాణాన్నే బఫర్ అంటారు. బంతిలో వడ్డించే మనిషి విస్తరి ఖాళీ కాకముందే మళ్లీ రావాలి కదా, అట్లాగే. ప్రాసెసర్ ఆలస్యం చేస్తే ఆ ఖాళీయే టప్‌మని వినిపిస్తుంది.

మేము చేసిన మొదటి పొరపాటు టాస్క్ మేనేజర్‌ను నమ్మడం. అందులో ప్రాసెసర్ వాడకం 30 శాతమే కనిపించింది. ఇంత ఖాళీ ఉండగా కంప్యూటర్ తప్పెట్లా అవుతుంది అనుకున్నాం. అది అన్ని కోర్ల సగటు. చేత్తో వాయించే ట్రాక్ పని చాలావరకు ఒకే కోర్ మీద పడుతుంది. నాలుగు కోర్లలో ఒకటి పూర్తిగా నిండినా సగటులో 25 శాతమే కనిపిస్తుంది. నలుగురిలో ఒక్కడే మూట మోస్తుంటే, నలుగురికీ పంచి చూసి బరువు తక్కువే అన్నట్టు. చూడాల్సింది ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఉండే మీటర్‌ను. అది ఎర్రగీత దాటి ఉంది.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. ఒక్కో తుడుంకు మేము ఒకే బలంతో కొట్టిన దెబ్బలు ఎనిమిదేసి తీసుకున్నాం. మనిషి ఒక దెబ్బ కొట్టినట్టు ఇంకో దెబ్బ కొట్టడు. అందుకే ఎనిమిదీ వంతులవారీగా మోగేలా పెట్టాం. బరువు వీటి వల్లే అనుకుని ఏడు తీసేసి ఒక్కటే ఉంచాం. మీటర్ కదల్లేదు. కానీ ఆ దెబ్బలు ఇచ్చిన తాత విని గోండీలో అన్న మాటను తెలుగులో చెప్తే ఇది: "ఒక్కటే దెబ్బ మళ్లా మళ్లా పడుతున్నది బిడ్డా. ఇది నా చెయ్యి కాదు."

ఆ మాటతో సిగ్గుపడి మళ్లీ లెక్క చూశాం. ఎనిమిది ఉన్నా ఒక్కసారికి మోగేది ఒక్కటే. మిగిలినవి మెమొరీలో ఊరికే కూర్చుంటాయి. అవి ర్యామ్‌ను తింటాయి కానీ ప్రాసెసర్‌ను కాదు. బరువు లేనిచోట కోసి, తాత చేతినే తీసేశాం. ఎనిమిదీ తిరిగి పెట్టేశాం.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: ఒకసారికి ఒక్క మార్పే, ప్రతి మార్పు తర్వాత మీటర్ చూడటం. అలా అసలు బరువు దొరికింది.

ప్రతి దెబ్బనూ నాలుగు మైకులతో, ఆరు సెకన్ల పొడవున ఉంచాం. సెకనుకు ఎనిమిది దెబ్బలు వేస్తే ఒకేసారి మోగే స్వరాలు 8 x 6 x 4, అంటే 192. హెడ్‌ఫోన్ పెట్టి విన్నాం. రెండు సెకన్లలోపే తుడుం మోత అయిపోతోంది. మిగిలిన నాలుగు సెకన్లు కీచురాళ్లు, దూరంగా కుక్క అరుపు. అంటే కంప్యూటర్ అలిసిపోయింది తుడుం మోయలేక కాదు, మా వాకిలి రాత్రిని మోయలేక. తోకను మెల్లగా తగ్గిస్తూ రెండు సెకన్లకు కుదించాం. 64 అయింది. వేదిక కోసం నాలుగు మైకులను కలిపి రెండు చేశాం. 32కు దిగింది.

ఆ తర్వాత ఫైళ్లు. రికార్డు చేసింది సెకనుకు 96,000 శాంపిళ్లతో, వాయించేది 48,000తో. ప్రతి దెబ్బకూ కంప్యూటర్ అప్పటికప్పుడు మార్పిడి చేసుకుంటోంది. ముందే ఒకసారి మార్చి పెట్టాం. ఆరు ట్రాకులకు ఆరు రివర్బ్‌లు ఉంటే, అన్నింటికీ కలిపి ఒక్కటే ఉంచాం. వెనక ముందే సిద్ధం చేసుకున్న గుమేల, పర్ర ట్రాకులను ఫ్రీజ్ చేశాం, అంటే మామూలు ఆడియోగా మార్చాం. బఫర్‌ను 128 నుంచి 256కు పెంచాం. విడతకు 5.3 మిల్లీసెకన్లు, చేతికి తేడా తెలియలేదు. 1024 పెడితే ప్రాసెసర్‌కు హాయే కానీ, దెబ్బ చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. అది మిక్సింగ్‌కు పనికొస్తుంది, వాయించడానికి కాదు.

చివరిది చెప్పుకోవాలంటే నవ్వొస్తుంది. ఆ రోజు వేదిక దగ్గర ప్లగ్ లేక బ్యాటరీ మీద నడిపించాం. కరెంటు ఆదా కోసం ల్యాప్‌టాప్ తన వేగం తగ్గించుకుంది. ఫ్యాన్ నిండా దుమ్ము ఉండటంతో వేడెక్కి ఇంకా నెమ్మదించింది. ఇప్పుడు చార్జర్, పొడవాటి వైరు మా సంచిలో తప్పకుండా ఉంటాయి. వాయించేటప్పుడు వైఫై ఆపుతాం, అప్‌డేట్లు, వైరస్ స్కానింగ్ ముందే ముగిస్తాం.

ఇవన్నీ చేశాక అదే పాత ల్యాప్‌టాప్‌లో మీటర్ సగానికి కిందనే ఉంది. కొత్తది కొనలేదు. అసలు రికార్డింగులు నాలుగు మైకులతో, కీచురాళ్లతో సహా, ఏమీ కోయకుండా రెండు హార్డ్‌డిస్కుల్లో దాచాం. వేదికకు తేలికైన ప్రతి చాలు. రేపటివాళ్లకు మొత్తం ఉండాలి.

సెలవులకు ఆ పిల్లవాడు ఊరికి వచ్చినప్పుడు ప్యాడ్ మళ్లీ చేతికిచ్చాం. మొదట వద్దన్నాడు. తాత పక్కన కూర్చోబెట్టుకుని వాయించమన్నాడు. వేగం పెరిగింది, ఒక్క దెబ్బా పోలేదు. తాత చాలాసేపు విని, "చెయ్యి నాదే, లెక్క వానిది" అన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి నిజం తుడుం తెచ్చి వాడి ముందు పెట్టాడు.

ఆ రోజు సమావేశంలో ఉన్నవాళ్లు ఇప్పుడు కూడా మా మాట వింటున్నారనే నమ్మకంతో చెప్తున్నాం. లెక్క తప్పింది వాడు కాదు. ముందుగా పరీక్షించకుండా యంత్రాన్ని వేదిక ఎక్కించిన మేము. తమ్ముడూ, మమ్మల్ని మన్నించు.

దండారీకి నిజమైన వాయిద్యాలే మోగాలి. ఈ యంత్రం అక్కడిదాకా నడిపించే ఊతకర్ర మాత్రమే. మీ ఊళ్లో పిల్లలు ఇలాంటిది తయారు చేస్తుంటే మమ్మల్ని పిలవండి, వస్తాం. బరువు తగ్గించాల్సి వచ్చినప్పుడు రివర్బ్ తీసేయండి, తోక కోయండి, బఫర్ పెంచండి. మనిషి చేతిని మాత్రం తీసేయకండి.