గుడి రాళ్ళ మీద గులాముల పేర్లు

(అంబేద్కర్ సంఘం సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగం)



కంబోడియాలో ఆంగ్‌కోర్ గుళ్ళు చూసొచ్చిన కదా, వాటి గురించి చెప్పమన్నరు. పెద్దగుడి 12వ శతాబ్దంలో రెండవ సూర్యవర్మ విష్ణువుకు కట్టించిండు. గోడల నిండా రామాయణ, భారతాలు. నాతో వచ్చిన సార్లు 'మన సంస్కృతి ఎంత దూరం పోయింది!' అని పొంగిపోయిన్రు. నేను కూలోళ్ళ లెక్క అడిగిన.

లెక్క ఉంది. దగ్గర్లోనే తా ప్రోమ్ గుడి, దాని 1186 నాటి శాసనం చెబుతది: గుడి సేవకు 3,140 ఊళ్ళు, 79,365 మంది జనం. అందులో నాట్యగత్తెలు 615 మంది. జోగిని అక్కలు కూర్చున్న సభలో ఈ అంకె ఊరికే చదివి పోలేను. కట్టించిన ఏడవ జయవర్మ బౌద్ధుడు. మనోడని దాచిపెట్టను. 102 ఆసుపత్రులు పెట్టించినోడూ ఆయనే, వాటి ఖర్చుకు మళ్ళీ ఊళ్ళనే రాసిచ్చినోడూ ఆయనే.

అంతకన్నా పాత శాసనాలల్ల గుడికి దానమిచ్చిన గులాముల పేర్లున్నయి. కొందరి పేరు 'కుక్క', కొందరి పేరు 'కంపు'. బిడ్డ బతకాలని తల్లి 'పెంటయ్య' అని పెట్టుకుంటది, అది వేరు. ఇది యజమాని లెక్కల పుస్తకం. మా నాయన పేరు కూడా పట్టాల రిజిస్టర్ల 'గాడు' అనే ఎక్కింది.

పాత ఖ్మేర్‌లో గులామును 'ఖ్ఞుం' అంటరు. ఇయ్యాల అక్కడ అదే మాటకు అర్థం 'నేను'. 'నీ బాంచన్ దొరా' అన్న తాతల మనుమలకు దీన్ని విడమర్చి చెప్పాల్నా?

1296లో చైనా నుంచి జౌ దగ్వాన్ అనే ఆయన రాజబృందంతో వచ్చి ఏడాది దాకా ఉండి అన్నీ రాసిండు. గులాములు ఎక్కువగా కొండజాతులోళ్ళు. ఇండ్లు గుంజల మీద ఉంటయి. వాళ్ళు ఆ ఇంటి కిందనే కూర్చోవాలె, పండుకోవాలె. పనికి పైకెక్కితే ముందు మోకరిల్లి దండం పెట్టాలె. ఎవరినన్నా తిట్టాలంటే వాళ్ళ జాతి పేరు పెట్టి తిట్టేటోళ్ళట. ఇది చదివి పుస్తకం మూసి కాసేపు కూసున్న.

ఇంకొకటి. 2022 నుంచి ఆంగ్‌కోర్ చుట్టూ ఉన్న కుటుంబాలను రన్ తా ఏక్ అనే చోటికి తరలించుడు మొదలుపెట్టిన్రు. దాదాపు 10,000 కుటుంబాల సంగతని ఆమ్నెస్టీ సంస్థ 2023లో రిపోర్టు ఇచ్చింది. వారసత్వ సంపద కాపాడటానికట. జనం ఇష్టపడే పోయిన్రని సర్కారు మాట. గుడి ముంగట కొబ్బరిబోండాలమ్మే ఆమెను గైడుతో అడిగించిన: 'నువ్వెక్కడుంటవమ్మా?' ఆమె నాకు బోండాం కొట్టిచ్చింది, జవాబియ్యలేదు. గైడు కూడా రెండోసారి అడగలేదు.