మూడు కాళ్ల కుర్చీ



మన పిఠాపురం పాదగయ క్షేత్రం కదా. గయాసురుడి తల గయలోను, నాభి జాజ్‌పూర్‌లోను, పాదాలు మన ఊళ్లోను ఉన్నాయని పెద్దలు చెబుతారు. కుక్కుటేశ్వరస్వామి గుడి కోనేటి దగ్గర పితృదేవతలకు పిండాలు పెట్టి, ఆ పాదాలకు దణ్ణం పెట్టుకుంటాం. ఈవేళ నేను చెప్పబోయేదీ పాదం సంగతే, కాని పురాణం కాదు.

స్విట్జర్లాండులో జెనీవా అనే నగరం ఉంది. అక్కడ ఐక్యరాజ్యసమితి భవనానికి ఎదురుగా, పదిమందీ తిరిగే మైదానంలో, ఒక పెద్ద కొయ్యకుర్చీ నిలబెట్టారు. ఎత్తు 12 మీటర్లు, అంటే నాలుగంతస్తుల మేడంత అన్నమాట. దాని మూడు కాళ్లు బాగానే ఉన్నాయి. నాలుగోది మధ్యకు విరిగి, చీలికలు పేలికలుగా ఉంటుంది. మందుపాతర తొక్కిన మనిషి కాలు అలాగే అవుతుందట. డేనియల్ బెర్సే అనే శిల్పి దాన్ని రూపొందించాడు. హ్యాండికాప్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1997 ఆగస్టులో అక్కడ పెట్టించింది.

మందుపాతర! ఎవరు పెట్టారోగాని ఆ పేరు. మెట్ట ప్రాంతాల్లో జొన్నలు దాచుకునే గొయ్యిని పాతర అంటారు. తిండిగింజలు దాచే మాటను తీసుకెళ్లి ప్రాణాలు తీసేదానికి తగిలించారు. పైగా అది యుద్ధం అయిపోయిందని ఎరగదు. సైనికులు ఇళ్లకు వెళ్లిపోయాక కూడా మట్టిలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది. తొక్కింది సిపాయో, మేకలు కాసే పిల్లాడో దానికి అక్కర్లేదు. తయారు చెయ్యడానికి 3 డాలర్లయితే, వెతికి తియ్యడానికి 300 నుంచి 1000 డాలర్లు అవుతుందని ఐక్యరాజ్యసమితి వారి లెక్క.

ఆ కుర్చీ మూడు నెలలుంటే చాలనుకున్నారు. 1997 డిసెంబరులో ఒట్టావాలో 122 దేశాలు నిషేధ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ ఏడు నోబెల్ శాంతి బహుమతి కూడా ఈ ఉద్యమానికీ, దాన్ని నడిపిన జోడీ విలియమ్స్ అనే ఆవిడకీ వచ్చింది. అయితే అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాన్ చేరలేదు. మన దేశమూ చేరలేదు. పొడుగాటి సరిహద్దులున్నాయి, కాపలా ఎలా అంటారు మనవాళ్లు. ఆ మాట బొత్తిగా కొట్టిపారేసేది కాదుగాని, నాకు మనసొప్పదు. అందరూ చేరలేదు గనక కుర్చీ అక్కడే ఉండిపోయింది. 2005లో మైదానం బాగుచెయ్యడానికి తీసి, 2007లో మళ్లీ పెట్టారు. తీరా 2025లో పోలెండ్, ఫిన్లాండ్, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా రష్యా భయంతో ఒప్పందంలోంచి తప్పుకోవడానికి నిర్ణయించుకున్నాయి.

ఇదంతా ఎక్కడో సీమ గొడవ అనుకోకండి. 2003 అక్టోబరులో తిరుపతి అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి కారుకు గురిపెట్టి పేల్చినవి మందుపాతరలే. 2024 జూన్‌లో ములుగు జిల్లా వాజేడు అడవిలోకి కట్టెలకు వెళ్లినవాడొకడు మందుపాతర తొక్కి చనిపోయాడు. అమరులైన పోలీసులకు స్థూపాలున్నాయి. అడవిలో వాళ్లూ తమవాళ్లకు ఎర్ర స్థూపాలు కట్టుకున్నారు. కట్టెలకు వెళ్లినవాడికి ఎవరు కడతారు చెప్పండి?

మన పార్కుల్లో విగ్రహాలకు కొదవ లేదు. వాటి మధ్య ఒక మూల చిన్న కొయ్యకుర్చీ, మూడు కాళ్లది, పెడితే బాగుండును. పిల్లలు చూసి, "దీని కాలేమయిందమ్మా?" అని అడుగుతారు. అప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పవచ్చు.

ఉంటాను. సెలవు.