బేబీ ఇంకా పాకట్లేదా? ముందు ఆ వాకర్ పక్కన పెట్టండి

ఈ ఎపిసోడ్ ఇంట్లో చిన్న బేబీ ఉన్నవాళ్ళకి. మీకింకా పెళ్ళి కాకపోయినా చూడండి. అక్క పిల్లల కోసం, అన్న పిల్లల కోసం ఫోన్‌లో వెతికి చెప్పే డ్యూటీ ఎలాగూ మనదే.

పాకడం. మీ ఊళ్ళో దోగాడటం అంటారో, పారాడటం అంటారో, అదే.

మా అక్క కొడుక్కి తొమ్మిది నెలలు. బోర్లా పడతాడు, కూర్చుంటాడు, కానీ పాకట్లేదు. పక్క ఫ్లాట్ పాప ఏడో నెలకే ఇల్లంతా చుట్టేసింది. ఇంకేముంది, మా ఇంట్లో రోజూ ఇదే టాపిక్. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగేస్తే అరిసెలు పంచుతాం కదా మనం. పాయసం లేటవుతోందని మా అమ్మకి టెన్షన్. ఈలోగా బంధువులొకరు ప్రేమగా వాకర్ కొని పంపారు.

నేను బీటెక్ వాడిని, డాక్టర్‌ని కాదు. అందుకే ముందు డేటా చూశా. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఇండియాతో కలిపి ఐదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో ఒక స్టడీ ఇచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద పాకడం ఐదో నెల దాటాక ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, కొందరికి పదమూడు నెలలు కూడా దాటొచ్చు. వందలో నలుగురు అసలు అలా పాకనేలేదు. కొందరు పొట్ట మీద ఈడ్చుకుంటూ వెళ్తారు, కొందరు కూర్చునే జరుగుతారు. కొందరు మొదట రివర్స్ గేర్‌లో వెనక్కి వెళ్తారు, ఎందుకంటే అప్పటికి కాళ్ళకన్నా చేతుల్లో బలం ఎక్కువ. నెలలు నిండకముందే పుట్టిన బేబీ అయితే డాక్టర్ ఇచ్చిన డెలివరీ డేట్ నుంచి వయసు లెక్కేయాలి. పక్క ఫ్లాట్‌తో పోలిక ఇక్కడితో క్లోజ్.

ఇక వాకర్. అందులో బేబీ వేలి కొసలతో నేలని తంతాడు, బండి జరుగుతుంది. చేతుల మీద బరువు పడదు, తన కాళ్ళు తనకే కనిపించవు. అంటే పాకడానికి కావలసిన ప్రాక్టీస్ ఏదీ జరగదు. పైగా మనం లేచేలోపు మెట్ల దాకానో, వేడి టీ కప్పు దాకానో వెళ్ళిపోతాడు. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే బ్యాన్. మరి కొన్నవాళ్ళు ఫీలవుతారు కదా? మా అక్క "డాక్టర్ వద్దన్నారు" అని చెప్పేసింది. అడిగితే నిజంగానే వద్దన్నారు.

బేబీకి కావలసింది నేల. మెత్తటి పరుపు మీద చెయ్యి దిగబడుతుంది, తోయలేడు. నున్నటి టైల్స్ మీద జారతాడు. చాప మీద బొంత గట్టిగా పరిస్తే చాలు. సాక్స్ తీసేయండి, కాలి వేళ్ళకి పట్టు దొరకాలి. మెలకువగా ఉన్నప్పుడు, పాలు తాగిన వెంటనే కాకుండా, మూడు నాలుగు నిమిషాల చొప్పున రోజుకి చాలాసార్లు బోర్లా పడుకోబెట్టండి. మీరు పక్కనే ఉండాలి. నిద్ర మాత్రం వెల్లకిలానే. ఏడిస్తే టవల్ చుట్టి ఛాతీ కింద పెట్టండి, తల ఎత్తడం ఈజీ అవుతుంది. బొమ్మని చేతికి అందీ అందనంత దూరంలో పెట్టండి. మరీ దూరం పెడితే వదిలేస్తాడు. అన్నిటికన్నా బాగా పనిచేసేది మీ మొహమే. ఎదురుగా మీరూ బోర్లా పడుకుని పిలవండి. మేనమామగా ఇప్పుడు నా ఈవెనింగ్ షిఫ్ట్ అదే.

వెయిట్ చేయకూడని కేసులు కూడా ఉన్నాయి. ఎప్పుడూ ఒకవైపు చెయ్యీ కాలే వాడుతున్నా, ఒళ్ళు బిగుసుకుపోయినట్టో వాలిపోయినట్టో ఉన్నా, తొమ్మిది నెలలు నిండినా పట్టుకోకుండా కూర్చోలేకపోయినా, వచ్చిన పని మర్చిపోయినా వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించండి. "మన ఇంట్లో అందరూ లేటే" అని ఆగొద్దు. డబ్బు ప్రాబ్లం అయితే జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ గురించి అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అక్కడ ఫ్రీగా చూస్తారు.

లాస్ట్ పాయింట్, ఇది ఈ రోజే చేయండి. మీరు కూడా నేల మీద పాకుతూ ఇల్లంతా ఒక రౌండ్ వేయండి. సోఫా కింద చిల్లర, రిమోట్‌లోంచి పడిన బటన్ బ్యాటరీ, కింద ఉన్న ప్లగ్ పాయింట్‌లో దోమల మందు, అన్నీ అప్పుడే కనిపిస్తాయి. బాత్రూంలో బకెట్ ఖాళీ చేసి తలుపు వేసేయండి, కొద్దిపాటి నీళ్ళు కూడా ప్రమాదమే. సరే, నా షిఫ్ట్ టైమైంది, ఉంటా మరి.