శాస్త్రజ్ఞుని పనిని పిల్లలకు చెప్పుట



పిల్లలకు శాస్త్రజ్ఞులనుగూర్చి చెప్పుట మన బడులకు కొత్త విషయము కాదు. పుట్టిన ఊరు, పుట్టిన సంవత్సరము, కనిపెట్టిన సంగతి, పొందిన బహుమానము - ఈ నాలుగును తప్పులేకుండ అప్పగించిన పిల్లవానికి మార్కులు వచ్చును. కాని ఆ మహనీయుడు ప్రొద్దున లేచి ఏమి పని చేసెడివాడని అడిగినచో ఆ పిల్లవాడే తెల్లమొగము వేయును. శాస్త్రజ్ఞుని పేరు పిల్లవానికి వచ్చినది. ఆయన పని రాలేదు. ఈ కొరతను తీర్చు మార్గమేమో నేడు కొంత విచారింపదలచితిమి.

ఇందుకు దృష్టాంతము వెదకికొనుచు దూరదేశములకు పోనక్కరలేదు. సికింద్రాబాదు వాసులకు అది గుమ్మము ముందరనే కలదు. బేగంపేటలో సర్ రోనాల్డ్ రాస్ జ్ఞాపకార్థము నిలిచియున్న పాత భవనమును మీలో అనేకులు చూచియే యుందురు. ఆయన కథను సాధారణముగా రెండు ముక్కలలో ముగింతురు: రాస్ మలేరియాను కనిపెట్టెను, ఆయనకు 1902లో నోబెల్ బహుమానము వచ్చెను. ఇందు రెండవది నిజమే. మొదటిది నిజము కాదు. చలిజ్వరము మానవులకు వేల ఏండ్లనుండి తెలిసినదే. ఆ జ్వరమునకు మూలమైన సూక్ష్మజీవిని రోగి రక్తములో 1880లో చూచినవాడు అల్జీరియాలో పనిచేయుచుండిన లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు. మరి రాస్ కనిపెట్టినదేమి? ఈ ప్రశ్నతోనే పాఠము ప్రారంభింపవలెనని మా అభిప్రాయము.

ఉపాధ్యాయుడు పేరు చెప్పకమునుపు ప్రశ్న చెప్పవలెను. “చలిజ్వరము ఒకరినుండి మరియొకరికి ఎట్లు పోవును?” అని పిల్లలను అడిగి, వారు చెప్పిన సమాధానములన్నియు నల్లబల్లమీద వ్రాయవలెను. దోమ సంగతి ఈనాటి పిల్లలకు తెలియును గనుక, “దోమవలన అని నీకెట్లు తెలిసెను? ఎవరు చూచిరి? ఎట్లు చూచిరి?” అని మరల అడుగవలెను. ఒకానొక కాలమున పండితులు సైతము చెడుగాలియే కారణమని నమ్మిరి. మలేరియా అను మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అనియే అర్థము. రాస్‌కు దోమల దారి చూపిన మాన్సన్ కూడ, చచ్చిన దోమలు పడిన నీటిని త్రాగుటవలన జ్వరము వచ్చునేమోయని తలచెను. గురువుగారి ఊహ సగము ఒప్పు, సగము తప్పు. ఈ సంగతి విన్న పిల్లలకు తమ తప్పు సమాధానములను గూర్చిన సిగ్గు కొంత తీరును.

ఇక పని. రాస్ 1895లో సికింద్రాబాదునకు వచ్చెను. దాదాపు రెండేండ్లు దోమలను కోసి, వాని లోపలి భాగములను సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఏమియు కానరాలేదు. కారణము, ఆయన పరీక్షించినవి ఆ సూక్ష్మజీవి పెరుగని జాతుల దోమలు. ఎండకాలమున పంకా వేసికొనుటకు వీలులేదు; గాలికి దోమ ముక్కలు ఎగిరిపోవును. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. కంటి దగ్గరి అద్దము పగిలియుండెను. కొద్దికాలమునకు రెక్కలపై మచ్చలు గల వేరొక జాతి దోమలు ఆయన చేతికి చిక్కినవి. 1897వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన ఆ దోమలను హుసేన్ ఖాన్ అను జ్వరరోగిపై వదలిరి. దోమకాటుకు ఒక అణా చొప్పున, పది దోమలకు పది అణాలు ఆయనకు ముట్టినవి.

ఆగస్టు 20వ తేదీన, మిగిలిన కొద్ది దోమలలో ఒకదానిని రాస్ కోసెను. దాని కడుపు గోడలో గుండ్రని కణములు కనబడినవి. వానిలో నల్లని రేణువులుండెను. రోగి రక్తములోని సూక్ష్మజీవియందుండు రేణువులును అట్టివే. వెనుక కోసిన దోమలలో ఇట్టివి ఎన్నడును కానరాలేదు. మరునాడు వేరొక దోమను కోయగా ఆ కణములు మరింత పెద్దవై యుండెను. పెద్దవగుచున్నవనగా పెరుగుచున్నవి; పెరుగుచున్నవనగా జీవమున్నవి. ఈ మూడు మెట్లును తొమ్మిదేండ్ల పిల్లవాడు ఎక్కగలడు. ఎక్కినప్పుడు వాని ముఖమున కలుగు వెలుగు, బహుమానము పేరు వల్లించినప్పుడు కలుగదు.

కథ అంతటితో ముగియలేదు. ఆ మరు నెలలోనే రాస్‌ను రాజపుత్రస్థానమునకు బదిలీ చేసిరి. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, సూక్ష్మజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరునని చూపెను. అనగా అది కాటుతో దిగుచున్నదన్న మాట. అచ్చట ఆయనకు సహాయకుడుగా మహమ్మద్ బక్షు ఉండెను. మనుష్యుల మలేరియా విషయమున ఇదే క్రమమును అదే సంవత్సరము ఇటలీలో గ్రాసీయు, ఆయన తోటివారును నిరూపించిరి. లావెరాన్‌కు 1907లో నోబెల్ బహుమానము వచ్చెను. ఒక్క మహాపురుషుడు ఒక్క పగటిలో చేసినది శాస్త్రమని పిల్లలకు చెప్పినచో, అది మనబోటివారికి కాదని వారు దూరముగా నిలుతురు. పలువురు కలిసి, పలుమార్లు తప్పి, ఒకరు విడిచినచోట మరియొకరు పట్టుకొని చేసినది శాస్త్రమని చెప్పినచో, తమకును అందులో చోటు కలదని గ్రహింతురు.

హుసేన్ ఖాన్ సంగతి చెప్పగానే పిల్లలు ఊరకుండరు. “జబ్బుగా నున్నవానిని దోమలచేత కుట్టింపవచ్చునా?” అని అడుగుదురు. ఆ ప్రశ్నను అణచరాదు. ఈనాడు రోగికి అంతయు విశదపరచి, అతని ఇష్టపూర్వకమైన సమ్మతి పొందనిదే అట్టి పరీక్షలు చేయరాదను నియమము కలదని చెప్పవలెను. గొప్ప పనిని మెచ్చుకొనుచు దానిని ప్రశ్నించుటయు నేర్చిన పిల్లవాడే చదువుకొన్నవాడు.

బహుమానమే కొలబద్ద కాదనుటకు మన తెలుగువాని కథ ఒకటి జతచేయవచ్చును. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షలో మూడవమారు గాని నెగ్గలేదు. అమెరికా వెళ్ళి, దోమకాటువలననే వ్యాపించు బోదకాలు వ్యాధికి మందును తన సహచరులతో కలిసి 1947లో లోకమునకు అందించి, మరుసటి ఏట కన్నుమూసిరి. నోబెల్ బహుమానము వారికి రాలేదు. మందు మాత్రము వారి పేరు తెలియని ఊళ్ళకును చేరినది.

తుదకు, చెప్పుటతో సరిపెట్టక చూపవలెను. ఒక గాజుసీసాలో నిలువనీరు తెచ్చి మూతికి పలుచని గుడ్డ బిగించి కట్టుడు. అందులో మెలికలు తిరుగు చిన్న పురుగులే దోమ పిల్లలు. నీటి పైపొరకు సమముగా పరుండునవి మలేరియా దోమ జాతివి. తల క్రిందుగా ఏటవాలుగా వ్రేలాడునవి ఇతర జాతులవి. పిల్లలు ప్రతిదినము చూచి బొమ్మ గీసి, తేదీ వేయవలెను. రెక్కలు రాకమునుపే ఆ నీటిని ఎండిన నేలపై పారబోయించుడు. గ్రుడ్డు దోమ యగుటకు సుమారు వారము పది దినములు పట్టునని వారే కనుగొందురు. వారమునకొకమారు తొట్లు, కుండలు ఎండబెట్టుడని పెద్దలు ఎందుకు చెప్పుదురో అప్పుడు వారికి వేరే బోధింపనక్కరలేదు. ఇంటికి పోయి పూలకుండీ క్రింది పళ్లెములోని నీటిని వారే ఒంపుదురు.

ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు. సికింద్రాబాదు బడులకు ఆ దినము సొంత పండుగవంటిది. ఆనాడు ఉపన్యాసములు కొంత తగ్గించి, సీసాలు కొన్ని పెంచవలసినదని ఉపాధ్యాయులకును, తల్లిదండ్రులకును మా మనవి. ఆ సాయంకాలము పిల్లవాడు ఇంటికి రాగానే, ఏమి నేర్చితివని గాక, ఏమి చూచితివని అడుగుడు.